సేంద్రియ తోటలో వాటా తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: హైదరాబాద్ నల్లగండ్లలో ఉంటారు, ఇంట్లో నలుగురు. చేవెళ్ళ దగ్గర నాలుగెకరాల సేంద్రియ తోట వాళ్ళు ఈ వానాకాలం నుంచి 26 వారాల వాటా ఇస్తామంటున్నారు. వారానికి 600 చొప్పున 15,600 రూపాయలు ముందే కట్టాలి. వారానికో బుట్ట, అందులో 6 నుంచి 7 కిలోల కూరగాయలు, ఆకుకూరలు. ఇప్పటికే 80 కుటుంబాలు చేరాయట. చేరొచ్చా, ఏం అడగాలి?

చేరొచ్చు. కానీ డబ్బు మొత్తం ఒక్కసారే కట్టకండి. ఆ 80 అన్న అంకె దగ్గర కూడా కాస్త ఆగండి, దాని లెక్క కింద చెప్తాను.

ముందు ఒక సంగతి. సీఎస్‌ఏ, అంటే కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్‌ని యాప్‌లో కూరగాయలు తెప్పించుకోవడం లాంటిదే అనుకుని చేరినవాళ్ళకి రెండో నెలకే చిరాకు మొదలవుతుంది. ఇక్కడ మీరు కొనేది కిలోలు కాదు, ఒక సీజన్ పంటలో భాగం. విత్తనాలకీ, ఎరువుకీ, కూలీలకీ రైతుకి చేతిలో డబ్బు ఉండాల్సింది మే, జూన్ నెలల్లో. ఆ డబ్బు వడ్డీ వ్యాపారి దగ్గర తేకుండా మీరు ముందే ఇస్తారు. బదులుగా పండినదాంట్లో మీ వాటా మీకొస్తుంది, పండకపోతే ఆ నష్టంలోనూ వాటా ఉంటుంది. జపాన్‌లో 1970ల్లో తేకేయి పేరుతో, అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్‌లలో రెండు తోటలతో మొదలైన పద్ధతి ఇది. అసలు సూత్రం చాలా సులువు: తోటకి సీజన్ మొత్తానికి అయ్యే ఖర్చు రాసి, రైతు కుటుంబం బతకడానికి కావలసింది కలిపి, సభ్యుల సంఖ్యతో భాగించడం. మార్కెట్ ధరతో దానికి సంబంధం ఉండదు.

దీనివల్ల మీకు ఒకసారి లాభం, ఇంకోసారి కడుపుమంట. 2023 జూలైలో హైదరాబాద్‌లో టమాటా కిలో 150 దాటింది. అలాంటి వారంలో కూడా మీ బుట్ట 600కే రావాలి. అదే టమాటా ఇంకో సీజన్లో ధర లేక రోడ్డు పక్కన పారబోసినప్పుడు కూడా మీరు కట్టేది 600 రూపాయలే. ఆ రెండో సందర్భం తలచుకుంటేనే బాధగా ఉంటే రైతుబజారే మీకు నయం. అందులో తప్పేమీ లేదు.

ఇక 80 కుటుంబాల లెక్క. ఒక్కో ఇంటికి వారానికి సగటున ఆరున్నర కిలోలంటే 26 వారాలకు 169 కిలోలు. 80 ఇళ్ళకు కలిపి 13,520 కిలోలు, అంటే పదమూడున్నర టన్నులు. నాలుగెకరాల తోటలో కూరగాయలు నాలుగెకరాల్లో ఉండవు. మామిడి చెట్లు, పశుగ్రాసం, షెడ్డు, నీటి కుంట, దారులు పోను రెండున్నర ఎకరాలు కూరగాయల కింద ఉంటే గొప్పే. రకరకాల పంటలు కలిపి వేసే సేంద్రియ తోటలో, నీటి వసతి బాగుండి, పని తెలిసిన మనుషులుంటే, ఆరు నెలల్లో ఎకరానికి 3 నుంచి 4 టన్నులు తీస్తే బాగా చేసినట్టు. మూడున్నర టన్నులు వేసుకున్నా మొత్తం 8,750 కిలోలు. అందులో పుచ్చు, పగుళ్ళు, వానకి పోయేది కలిపి 15 శాతం తీసేస్తే దాదాపు 7,400 మిగులుతుంది. ఇది 44 ఇళ్ళకి సరిపోతుంది. 80కి సరిపోదు.

అంటే మిగతాది బయటి నుంచి రావాలి, లేదంటే మీ బుట్ట సగమైనా కావాలి. బయటి నుంచి తేవడం దానంతటదే మోసం కాదు. పక్క ఊరి ఇంకో సేంద్రియ రైతు దగ్గర తెచ్చి, అది ఫలానా వాళ్ళదని బుట్టలో చీటీ పెడితే మంచి పనే. చీటీ లేకుండా వస్తేనే అనుమానించాలి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఏడాది పొడుగునా బుట్టలో కనిపిస్తే అవి ఆ తోటవి కావని తేలిపోయినట్టే. జహీరాబాద్ వైపు ఆలుగడ్డ వేస్తారు గానీ అది చలికాలపు పంట, సెప్టెంబరులో రాదు. కాబట్టి ఇలా అడగండి: "కూరగాయల కింద నికరంగా ఎన్ని ఎకరాలు? ఎన్ని ఇళ్ళు నిండాక కొత్తవాళ్ళను చేర్చుకోవడం ఆపేస్తారు? తక్కువ పడితే ఎక్కడ తెస్తారు?" ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే సగం పని అయినట్టు.

తోటకి ఒకసారి తప్పకుండా వెళ్ళండి. ఆదివారం సందర్శకుల కోసం ముస్తాబు చేసి పెట్టిన రోజున వద్దు, కోత జరిగే రోజు పొద్దున ఆరింటికి వెళ్ళండి.

అక్కడ మొదట చూడాల్సింది విత్తే వరస. ఆకుకూరలు ఒకేసారి చల్లితే ఒకే వారం కోతకొస్తాయి, తర్వాత మూడు వారాలు ఏమీ ఉండదు. తోటకూర 25 నుంచి 30 రోజులు, మెంతికూర 25, కొత్తిమీర 40 వరకు పడుతుంది. పాలకూర, గోంగూర ఒకసారి కోసినా మళ్ళీ చిగురిస్తాయి. బెండ 45 రోజులకు కాపుకొస్తుంది, బీర 50. టమాటా నారుమడిలో 25 రోజులుండి, నాటాక రెండు నెలలకు మొదటి కోత ఇస్తుంది. వంకాయకు ఇంకాస్త ఎక్కువ. క్యాబేజీ, క్యారట్ దగ్గర దగ్గర మూడు నెలలు తీసుకుంటాయి. వారం వారం బుట్ట నింపాలంటే ఆకుకూర మడి వారానికి ఒకటి కొత్తగా పడుతూ ఉండాలి, టమాటా నారు కనీసం మూడు విడతల్లో నాటాలి. మీరు వెళ్ళిన రోజు పక్కపక్కనే మొలకలు, బెత్తెడు మొక్కలు, కోతకొచ్చినవి మూడూ కనబడాలి. ఒకే ఎత్తులో పచ్చగా ఉన్న పెద్ద మడి ఫొటోకి బాగుంటుంది, బుట్టకి పనికిరాదు.

ఇంకో ప్రశ్న అడగమంటాను, దీన్ని కొత్తగా చేరేవాళ్ళు ఎవరూ అడగరు. వారం మధ్యలో కోసిన బెండకాయ ఎక్కడికి పోతుంది? బెండని రోజు విడిచి రోజు కోయాలి. రెండు రోజులు ఆలస్యమైతే కాయ ముదిరి, కొన విరిస్తే టక్కున విరగదు, పీచు సాగుతుంది. పైగా చెట్టు మీద ముదురు కాయ ఉంటే కొత్త పూత తగ్గిపోతుంది. మీకు శనివారం బుట్ట ఇస్తే శుక్రవారం కోత మీకొస్తుంది. సోమవారం, బుధవారం కోసింది? దోస, బీర, గోరుచిక్కుడు పరిస్థితీ అంతే. మంచి తోటలు సభ్యులను రెండు జట్లు చేసి మంగళవారం కొందరికి, శనివారం కొందరికి ఇస్తాయి, లేదంటే ఒక దుకాణంతో మాట్లాడుకుని ఉంటాయి. "ఫ్రిజ్‌లో పెట్టి అన్నీ కలిపి శనివారమే ఇస్తాం" అన్నారంటే మీకు వచ్చే బెండలో చాలా వరకు ముందు కోతలదే.

నేల సంగతి కూడా చూడండి. మీ 26 వారాల్లో మొదటి సగం వానల్లోనే పోతుంది. చెల్క నేలైతే నీళ్ళు ఇంకిపోతాయి. నల్లరేగడిలో ఎత్తు బోదెలు, నీళ్ళు బయటికి పోయే కాలువలు లేకపోతే ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టగానే టమాటా, మిరప వేరుకుళ్ళు వచ్చి ఒరిగిపోతాయి. కొత్తిమీర అయితే వానకి నిలవదు, పైన ఏదో ఒక కప్పు ఉండాలి. బోరు గురించి అడిగేటప్పుడు ఎన్ని అడుగులు వేశారని కాకుండా, ఏప్రిల్ నెలాఖరులో ఎన్ని గంటలు ఆగకుండా పోస్తుందని అడగండి. ఎండాకాలంలో ఎకరం కూరగాయలకు డ్రిప్ మీదే రోజుకు సుమారు 15 నుంచి 20 వేల లీటర్లు కావాలి. ఈ వాటాకి అది అంత అవసరం కాదు గానీ, జనవరిలో మళ్ళీ ఆరు నెలలకి కట్టమన్నప్పుడు అసలు ప్రశ్న అదే. ఏప్రిల్, మేలో పగలు 35 డిగ్రీలు దాటి రాత్రులూ వేడిగా ఉంటే టమాటా పూత రాలిపోతుంది. షేడ్ నెట్ లేకపోతే ఆకుకూరలూ ఆగవు. ఎండాకాలం బుట్ట చిన్నదవుతుందని ముందే చెప్పే రైతుని నమ్మండి. ఏడాది పొడుగునా గోబీపువ్వు ఇస్తామనేవాళ్ళ దగ్గర జాగ్రత్త పడండి.

సేంద్రియమా కాదా అన్నది ఎలా తేలుతుంది? కాగితాలతో కొంత, కళ్ళతో కొంత. ఫుడ్ సేఫ్టీ సంస్థ 2017 నిబంధనల ప్రకారం చిన్న రైతు తన పంటని నేరుగా తినేవాళ్ళకే అమ్ముకుంటే సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, కాకపోతే సేంద్రియ సరుకు మీద వేసే జైవిక్ భారత్ గుర్తు వేసుకోకూడదు. కాబట్టి సర్టిఫికెట్ లేనంత మాత్రాన కొట్టిపారేయకండి. ఉంటే రెండు రకాల్లో ఒకటి ఉంటుంది. ఎగుమతుల కోసం వచ్చిన ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం)లో బయటి సంస్థ తనిఖీ చేస్తుంది. పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్)లో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. పీజీఎస్ గ్రీన్ అని ఉంటే రసాయనాల నుంచి సేంద్రియానికి ఇంకా మారుతున్న దశలో ఉన్న పొలమని అర్థం, పీజీఎస్ ఆర్గానిక్ అంటే ఆ దశ పూర్తయినట్టు. కాగితం మీద రైతు పేరు, విస్తీర్ణం, పంటల పేర్లు, గడువు తేదీ చదవండి. వరికీ మామిడికీ ఉన్న సర్టిఫికెట్ చూపించి టమాటా అమ్మేవాళ్ళు ఉంటారు.

కళ్ళతో చూసేది ఇంకా తేలిక. రెండున్నర ఎకరాలకు జీవామృతం (ఆవు పేడ, మూత్రంతో పులియబెట్టే ద్రవ ఎరువు) వాడుతున్నామంటే ఎకరానికి 200 లీటర్ల చొప్పున 15 రోజులకోసారి 500 లీటర్లు కలపాలి. 200 లీటర్ల డ్రమ్ములు మూడు కావాలి. ఒక్కో డ్రమ్ముకి 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో రెండు రోజులు ఉంచుతూ పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. పులిసిన వాసన, పైన నురుగు ఉన్నాయంటే వాడుతున్నట్టే. ఎండిపోయి అడుగున చెక్కు కట్టిన ఒక్క డ్రమ్ము చూపించి "ఇదిగో జీవామృతం" అంటే అది వచ్చినవాళ్ళకు చూపించడానికి పెట్టింది. పేడ, మూత్రం రోజూ ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా అడగండి, పశువులు కనబడాలి. తర్వాత స్టోరు గది తలుపు తీయించండి. లోపల వేపనూనె, పసుపు రంగు జిగురు అట్టలు, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టల ఎరలు ఉంటే సరే. "బయో" అని రాసి ఉన్న, తయారీ వివరాలు లేని సీసాలుంటే ఆగండి. ఆ పేరుతో అమ్మే కొన్ని మందుల్లో రసాయనాలు కలిపినవి పట్టుబడుతూనే ఉన్నాయి, ఒక్కోసారి రైతుకే ఆ సంగతి తెలియదు.

గట్టు అవతల ఏముంది? చేవెళ్ళ చుట్టూ పత్తి ఎక్కువ. పత్తికి కొట్టే మందు గాలికి ఇటు వస్తుంది. అంచున చెట్ల వరసో, దట్టంగా విత్తిన జొన్న, మొక్కజొన్న సాళ్ళో ఉన్నాయా, పై పొలం నుంచి వాన నీళ్ళు తోటలోకి దిగుతాయా అన్నది చూడండి. కాయలో పురుగుంటే సేంద్రియమే అన్నది మాత్రం నమ్మకండి. మందు కొట్టిన వంకాయలోనూ కాయతొలుచు పురుగు ఉంటుంది, లోపలికి దూరాక దానికి మందు అందదు.

అనుమానం తీరకపోతే పురుగుమందుల అవశేషాల పరీక్ష చేయించండి. ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్నవి హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఒక్క నమూనాకే వేలల్లో అవుతుంది, అందుకే సభ్యులందరూ కలిసి చేయించాలి. చెప్పకుండా, బుట్టలో వచ్చిన సరుకు నుంచే నమూనా తీయండి. సొరకాయ ఇవ్వకండి, మిరప, వంకాయ, గోబీపువ్వు ఇవ్వండి, మందులు ఎక్కువ పడేది వాటికే. రిపోర్టులో కిలోకి 0.01 మిల్లీగ్రాముల కంటే తక్కువ అని వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. ఏదైనా మందుకి విడిగా పరిమితి నిర్ణయించని చోట, కూరగాయలకు మన దేశంలో వర్తించే గీత కూడా అదే.

డబ్బు విషయం. 15,600ని మూడు భాగాలు చేయమనండి: చేరేటప్పుడు 6,000, తొమ్మిదో వారం 4,800, పద్దెనిమిదో వారం 4,800. విత్తనాలకీ ఎరువుకీ ముందు కాస్త ఎక్కువ కావాలి గనక మొదటి వాయిదా పెద్దదిగా ఉండటం న్యాయం. రైతు ఖాతాకో రైతు ఉత్పత్తిదారుల సంఘం ఖాతాకో యూపీఐ చేయండి, మధ్యలో ఎవరో వ్యక్తి నంబరుకు వద్దు. ఒక పేజీ ఒప్పందం చాలు, కానీ అందులో ఇవి రాసి ఉండాలి: కనీస బరువు, కనీసం ఎన్ని రకాలు, ఎన్ని కట్టల ఆకుకూర, వడగళ్ళు, ముసురు వల్ల పోతే ఇరువైపులా భరించాలని, నీళ్ళ మోటారు కాలి వారం ఇవ్వలేకపోతే చివర్లో ఒక వారం పొడిగించాలని, తోట మధ్యలో మూసేస్తే మిగిలిన వారాల డబ్బు తిరిగివ్వాలని. దసరాకి ఊరెళ్ళినప్పుడు డబ్బు వాపసు అడగకండి, ఆ వారం కోత మాత్రం ఆగదు. పక్కింటివాళ్ళకు ఇప్పించే ఏర్పాటు చేసుకోండి.

ఇంటి గుమ్మం దాకా డెలివరీ ఇస్తే ఆ ఖర్చు ఎక్కడో బుట్టలో తగ్గుతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది, పది ఇళ్ళు కలిస్తే క్లబ్‌హౌస్ దగ్గర ఒకేచోట దింపించుకుని, వారానికొకరు పంచే పని తీసుకోండి. క్రేట్లు తిరిగి పంపడం మరిచిపోకండి, వాటి కోసం రైతు ఫోన్లు చేస్తూ తిరగడం చూస్తే జాలేస్తుంది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. శంకర్‌పల్లి, చేవెళ్ళ, షాద్‌నగర్ వైపు "ఫామ్ ప్లాట్ కొనండి, మేమే సేంద్రియ సాగు చేసి నెలనెలా కూరగాయలతో పాటు ఆదాయమూ ఇస్తాం" అనే బేరాలు తిరుగుతుంటాయి. అది భూమి వ్యాపారం, ఈ పద్ధతితో దానికి పోలిక లేదు. వాటాకి వచ్చేది కూరగాయలే. రాబడి, శాతం, బైబ్యాక్ (మళ్ళీ మేమే కొంటాం) అన్న మాటలు వినబడితే లేచి వచ్చేయండి.

ఇక మీ వంటింటి సంగతి. చాలామంది మానేసేది తోట వల్ల కాదు, సొరకాయ వల్ల. జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024 మార్గదర్శకాలు మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాముల ఆకుకూర చెప్తాయి. ఆ లెక్కన నలుగురికి వారానికి 11 కిలోలు. మన ఇళ్ళలో నిజంగా తినేది అందులో సగం. కాబట్టి ఆరున్నర కిలోలు మీకు సరిపోవాలి, కాకపోతే అందులో ఏముంటుందో ఎంచుకునే వీలు ఉండదు. సెప్టెంబరులో వరసగా బీర, సొర, దోస, బెండ వస్తాయి. సొరకాయతో పప్పు, పులుసు అయ్యాక సర్వపిండి చేయండి, తురిమి పిండిలో కలిపితే కాయ సగం అక్కడే అయిపోతుంది. గోంగూర రెండు కట్టలు దాటితే నూనెలో మగ్గించి నిలవ పచ్చడి పెట్టేయండి.

బుట్ట రాగానే ఏదీ కడగకండి. ఆకుకూరల వేళ్ళు కోసేసి, పసుపుపచ్చబడిన ఆకులు ఏరేసి, పొడి కాటన్ గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. తోటకూర, మెంతికూర మొదటి రెండు రోజుల్లో, బెండ, బీర మూడు నాలుగు రోజుల్లో, క్యాబేజీ, బీట్‌రూట్, గుమ్మడి ఆఖర్న. టమాటా బయటే ఉండాలి. గోబీపువ్వుని పువ్వులుగా విడదీసి, గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు, పసుపు వేసి పావుగంట ఉంచితే పురుగులు బయటికొస్తాయి.

అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్ళకు ఒక మాట: అక్కడి చల్లని రాష్ట్రాల్లో సీజన్ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు దాకా. చేర్చుకోవడం చలికాలంలోనే మొదలవుతుంది, వేసవిలో అడిగితే చాలా తోటల్లో ఖాళీ ఉండదు. బుట్టలో కేల్, చార్డ్, నూల్‌కోల్ వస్తాయి. కేల్ ముదురుగా ఉంటుంది గనక పప్పులో కుక్కర్‌లోనే వేసేయండి, చార్డ్‌ని పాలకూరలా చూసుకోండి.

మీ తోట విషయంలో ఇంకొక్కటి. 26 వారాలు ఏ రోజు నుంచి లెక్కపెడతారో రాయించుకోండి. వానలు పడ్డాక జూన్‌లో విత్తితే తోటకూర, మెంతికూర తప్ప జూలై రెండో వారం దాకా బుట్టలో వేయడానికి ఏమీ ఉండదు, బెండ, బీర రావడం జూలై నెలాఖరు మాట. అందుకే లెక్క డబ్బు కట్టిన తేదీ నుంచి కాక మొదటి నిండు బుట్ట నుంచి మొదలవ్వాలి. జూన్ రెండో వారంలోనే టమాటా, క్యాబేజీ, వంకాయలతో బుట్ట నిండుగా వస్తే, ముందు పంట ఏ మడిలో ఉందో చూపించమనండి.